గట్టు మీద గులకరాళ్లు, కొండ మీద పసుపు మట్టి: రైన్ తీరాన ఒక గ్రావెల్ దారి కుదుర్చుకున్న అనుభవం

జర్మనీకి నైరుతి మూలన ఉన్న ఫ్రైబుర్గ్‌లో తూర్పు వైపు చూస్తే బ్లాక్ ఫారెస్ట్ కొండలు ఊరిని ఆనుకునే మొదలవుతాయి. పడమటి వైపు మాత్రం నేల ఒక్కసారిగా చదునైపోతుంది. అక్కడి నుంచి రైన్ నది దాకా మొక్కజొన్న చేలు, కూరగాయ తోటలు, చిన్న చిన్న ఊళ్లు. ఆ చదును నడుమ కైజర్‌స్టూల్ అనే కొండల గుంపు ఒంటరిగా లేచి ఉంటుంది. పాదం నుంచి నడుము దాకా ద్రాక్షతోటలు, నెత్తిన అడవి. నది మైదానాన్నీ ద్రాక్ష కొండలనీ ఒకే రోజు సైకిల్ మీద చూడగలిగే చోట్లు యూరప్‌లో ఇంకా ఉన్నాయి. ఇంటి నుంచి బయల్దేరి, రైలెక్కకుండా, చాలా వరకు మట్టి దారుల మీదే రెండింటినీ చుట్టి రావడం మాత్రం నాకు ఇక్కడే కుదిరింది.

నాకు కావలసింది ఒక చుట్టు. డ్రైజామ్ ఏటి గట్టు మీద రీగెల్ దాకా, అక్కడి నుంచి కాలువ గట్టు పట్టుకుని రైన్ దాకా, రైన్ వెంట దక్షిణంగా బుర్క్‌హైమ్ దాకా, ఆపైన కొండ ఎక్కి దాటి ఇంటికి. మొత్తం దాదాపు 100 కిలోమీటర్లు. ఇలాంటి దారుల ఫైళ్లు సైకిల్ ఆప్‌లలో బోలెడు దొరుకుతాయి. నేను చూసినవాటిలో చాలావి కొండ మీదికొచ్చేసరికి తారు రోడ్డెక్కేవి. ద్రాక్షతోటల మధ్య తారు మీద పోతే కింద ఏ మట్టి ఉందో తెలియదు. నాకు ఆ మట్టే కావాలి. అందుకని సొంతంగా కుదుర్చుకుందామని కూర్చున్నాను. అన్ని కాలాల్లోనూ వెళ్లి చూస్తే తప్ప తేలని పని అది.

మొదట మ్యాప్ పని. ఎవరైనా సరిచెయ్యగల ఉచిత ఆన్‌లైన్ మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో బండి దారులకు ‘ట్రాక్‌టైప్’ అని ఒక వివరం రాస్తారు. గ్రేడ్ 1 అంటే తారో కాంక్రీటో, లేదా బాగా దిమ్మిస కొట్టిన గట్టి దారి. గ్రేడ్ 2 గట్టి కంకర. గ్రేడ్ 5కి వచ్చేసరికి గడ్డిలో చక్రాల జాడ తప్ప ఏమీ ఉండదు. సైకిల్ ఆప్‌లు చాలావరకు ఈ వివరాలనే తీసుకుని ‘ఇంత శాతం తారు, ఇంత శాతం గ్రావెల్’ అని చూపిస్తాయి. రాసినవాళ్లు ఎండాకాలంలో చూసి రాశారో వానాకాలంలో చూసి రాశారో మాత్రం అందులో ఉండదు. అందుకని ప్రతి ముక్కనూ ఉపగ్రహ ఫొటోలో కూడా చూసేవాణ్ణి. తెల్లగా కనిపిస్తే కంకర, బూడిద రంగైతే తారు, పచ్చని చారకు రెండు వైపులా గీతలుంటే నడుమ గడ్డి మొలిచిన ట్రాక్టర్ దారి. కొండ మీద ఇంకో రంగు కనిపిస్తుంది, లేత పసుపు. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఈ పనిలో నాకు బాగా ఎక్కిన విషయం ఒకటుంది. సైకిల్ తొక్కేవాళ్ల కోసమని ఈ మట్టి దారులు ఎవరూ వెయ్యలేదు. గట్టు మీది దారి వరదల శాఖవాళ్లు గట్టును చూసుకోవడానికి వేసుకున్నది. అడవిలోది దుంగలు మోసే లారీల కోసం. తోటల్లోది రైతు ట్రాక్టర్ కోసం. ఎవరు, ఏ బండి కోసం వేశారో తెలిస్తే అది ఎంత వెడల్పుంటుందో, ఎంత వాలుంటుందో, వానొస్తే ఏమవుతుందో, ఏ నెలలో అక్కడ మనం అడ్డమవుతామో ముందే చెప్పొచ్చు. దుంగల లారీ వెళ్లే దారి మరీ నిట్రంగా ఉండదు, అడుగున రాయి ఉంటుంది. సన్నటి ద్రాక్షతోట ట్రాక్టర్ ఎక్కే దారికి ఆ పట్టింపు లేదు. అది ఎంత వాలైనా ఎక్కుతుంది, మన కాళ్లు ఎక్కవు.

చట్టం కూడా చూసుకోవాలి. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో అడవిలో 2 మీటర్ల కన్నా సన్నని దారిలో సైకిల్ తొక్కకూడదు. మ్యాప్‌లో అందంగా మెలికలు తిరుగుతూ కనిపించిన కాలిబాటలన్నీ అలా పోయాయి. నాకైతే బాధ అనిపించలేదు. నాకు కావలసిన దారులన్నీ బండి పట్టేవే. కొండ మీద కొన్ని చోట్లు రక్షిత ప్రాంతాలు కూడా. అక్కడ గుర్తుపెట్టిన దారి వదిలి పక్కకు పోవడానికి వీల్లేదు.

సైకిల్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 40 మిల్లీమీటర్ల టైర్లు, ట్యూబ్‌లెస్. గాలి ముందు 2.2 బార్, వెనక 2.5 బార్ దగ్గర ఉంచుతాను. రోడ్డు సైకిల్ అలవాటున్నవాళ్లు ఇంత తక్కువ గాలేంటని అడుగుతారు. గులకరాళ్ల మీద గట్టి టైరు ఎగురుతుంది, పట్టు ఉండదు. గేర్లలో ముందు 40 పళ్లు, వెనక పెద్దది 42 పళ్లు. కొండ మీద ఆ 42 లేకపోతే దిగి నెట్టాల్సిందే.

డ్రైజామ్ ఫ్రైబుర్గ్ మధ్య నుంచే పారుతుంది. ఊళ్లో గట్టు మీద తారు వేసిన సైకిల్ దారి ఉంది, ఉద్యోగాలకు వెళ్లేవాళ్లతో పొద్దున్నే కిటకిటలాడుతుంది. ఊరు దాటి కాస్త దూరం పోయాక కంకర మొదలవుతుంది. సన్నటి పొడి రాయి వేసి, తడిపి, దిమ్మిస కొట్టిన దారి. నీళ్లు రెండు పక్కలకీ జారిపోతాయి కాబట్టి వాన వెలిసిన గంటకే తొక్కొచ్చు. నాయర్స్‌హౌజెన్, ఐష్‌టెట్టెన్, బాలింగెన్ ఊళ్లు ఒక్కొక్కటే పక్కన వచ్చి పోతుంటాయి. ఎడమ చేతి వైపు కైజర్‌స్టూల్ క్రమంగా పెద్దదవుతుంది. రీగెల్ దాకా దాదాపు 25 కిలోమీటర్లు మెలిక లేకుండా సాఫీగా సాగుతుంది. ఏరు ఇంత తిన్నగా ఉండటానికి కారణం 19వ శతాబ్దంలో దీన్ని తవ్వి సరిచెయ్యడం.

రీగెల్ దగ్గర డ్రైజామ్ ఎల్జ్ అనే ఏట్లో కలుస్తుంది. ఒకప్పుడు ఇక్కడ వరదొస్తే చుట్టుపక్కల ఊళ్లన్నీ నీళ్లలోనే. 1837 నుంచి 1842 దాకా తవ్వి, ఈ నీళ్లను సూటిగా రైన్‌లోకి పంపడానికి లియోపోల్డ్ కాలువ చేశారు. రెండు వైపులా ఎత్తైన గట్లు, గట్టుకూ నీళ్లకూ మధ్య వరద పట్టడానికి వదిలిన గడ్డి నేల. అందులో కొంగలు మేస్తుంటాయి. నేను కోనసీమ వాణ్ణి. మా ఊళ్లో ఏటిగట్టు మీదే సైకిల్ నేర్చుకున్నాను. 1986 ఆగస్టులో గోదావరి గట్లు తెగిన సంగతి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకే గట్టు కనిపిస్తే దాని మీద దారి ఎలా ఉందన్నది తర్వాత చూస్తాను, గట్టు ఎంత ఎత్తుందో, రాతి కట్టుబడి ఉందో లేదో, చెట్ల వేళ్లు పాకాయేమో ముందు చూస్తాను. ఇక్కడి గట్ల మీద చెట్లు పెరగనివ్వరు. గడ్డి మాత్రమే ఉంచి కోస్తుంటారు. ఎండకు నీడ దొరకదు గానీ గట్టు క్షేమానికి అదే మంచిది.

కాలువ చివర రైన్ అడవి. ఇక్కడ దారి కింద దొరికేవి ఆల్ప్స్ నుంచి నది దొర్లించుకొచ్చిన గుండ్రటి గులకరాళ్లు. మైదానం కింద ఈ గులక, ఇసుక కొన్నిచోట్ల దాదాపు 200 మీటర్ల లోతు దాకా ఉంది. దాని సందుల్లోనే ఈ ప్రాంతమంతటికీ తాగునీరు. అడవి దారిలో కొత్తగా గులక పోసిన చోట చక్రం పక్కకు జారుతుంది. అలాంటి చోట హ్యాండిల్ గట్టిగా బిగించి పట్టుకోకూడదు. బరువు వెనక్కి వేసి, పెడల్ ఆపకుండా తొక్కుతూ, సైకిల్ ఎటు పోతానంటే కొంచెం అటు పోనివ్వాలి. చేతులకు అలవాటయ్యాక టెన్షన్ పోతుంది.

రైన్ గట్టెక్కి నిలబడితే నది తిన్నగా గీసిన గీతలో పారుతుంది. యోహాన్ గోట్‌ఫ్రీడ్ టుల్లా అనే బాడెన్ ఇంజనీరు పథకం ఇది. పని 1817లో మొదలైంది. ఆయన 1828లో పోయాడు, పని 1876 దాకా సాగింది. అంతకు ముందు ఇక్కడ రైన్ అనేక పాయలుగా, లంకలుగా, ఏటేటా చోటు మారుతూ ఉండేది. బాసెల్ నుంచి వోర్మ్స్ దాకా 354 కిలోమీటర్లున్న నదిని మెలికలు కోసి 273 కిలోమీటర్లకు తెచ్చారు. వరదల బాధ, దోమల జ్వరాలు తగ్గాయి. నది వేగం పెరిగి అడుగు కోసుకుపోయింది, చాలాచోట్ల భూగర్భజలం దిగిపోయింది. ఇప్పుడు మళ్లీ వరద నీటిని అడవిలోకి వదిలే చోట్లు ఏర్పాటు చేస్తున్నారు, దిగువ నగరాలు మునగకుండా. ధవళేశ్వరంలో కాటన్ ఆనకట్ట కట్టించింది 1847కీ 1852కీ మధ్య. అంటే ఇక్కడ రైన్ పని నడుస్తున్న కాలంలోనే అక్కడ గోదావరి పని జరిగింది. ఒకే శతాబ్దం, నది మీద ఒకే రకమైన నమ్మకం. ఆ గట్టు మీద పెరిగి ఈ గట్టు మీద తొక్కుతుంటే ఈ సంగతి నాకు ఊరికే గుర్తొస్తుంటుంది.

ఒక తేడా మాత్రం దారి వేసుకునేవాళ్లు గుర్తుంచుకోవాలి. మన గోదావరి వానలతో జులై ఆఖరున, ఆగస్టులో పొంగుతుంది. ఇక్కడ రైన్ ఆల్ప్స్ మంచు కరిగే మే, జూన్ నెలల్లో నిండుగా ఉంటుంది. ఆకాశంలో ఒక్క మబ్బు లేని రోజున గట్టు లోపలి దారి నీళ్లలో ఉండొచ్చు. అందుకని నా దారిలో ఆ ముక్కకు బదులుగా గట్టు బయటి దారిని కూడా గుర్తుపెట్టుకున్నాను. ఆ నెలల్లోనే దోమలు కూడా. వాటి పిల్లలను చంపడానికి బ్యాక్టీరియా మందు చల్లుతారు. అయినా అడవిలో ఆగి నీళ్లు తాగే పని మాత్రం పెట్టుకోకండి.

వ్యూల్ ఊరి అడవిలో ఒక స్మారక రాయి ఉంది. దాని ముందు ఆగకుండా నేనెప్పుడూ ముందుకు పోలేదు. 1970లలో ఇక్కడ అణు విద్యుత్ కేంద్రం కట్టాలనుకున్నారు. శీతలీకరణ గోపురాల ఆవిరి వల్ల పొగమంచు పెరిగి ద్రాక్షకు ఎండ తగ్గుతుందని కైజర్‌స్టూల్ రైతులు భయపడ్డారు. 1975 ఫిబ్రవరిలో రైతులు, ఊళ్లవాళ్లు, రైన్ అవతలి ఫ్రాన్స్ వాళ్లు, ఫ్రైబుర్గ్ విద్యార్థులు కలిసి ఆ చోటును ఆక్రమించుకున్నారు. పోలీసులు ఖాళీ చేయిస్తే కొద్ది రోజుల్లోనే వేల మంది మళ్లీ వచ్చి కూర్చున్నారు. కేంద్రం రాలేదు, అడవి అడవిగానే ఉంది. మైదానంలో కట్టేదానికి కొండ మీది రైతు ఎందుకు పట్టించుకోవాలి అని ఎవరైనా అడిగితే ఈ దారి మీదికి తీసుకురావాలి. నది మీద లేచిన ఆవిరి గంట సైకిల్ దూరంలోని ద్రాక్షగుత్తి మీద పడుతుంది. పగలంతా ఆ రెండింటి మధ్య తొక్కినవాళ్లకు అది వేరే చెప్పక్కర్లేదు.

జాస్బాఖ్ దాటి బుర్క్‌హైమ్ చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. నా లెక్కలో ఈ చుట్టును ఈ వైపుగా తిరగడమే మేలు. గట్ల మీద నీడ ఉండదు కాబట్టి వాటిని పొద్దున్నే దాటెయ్యాలి. ఎండ ముదిరే వేళకు రైన్ అడవిలో ఉంటాం. కొండ సాయంత్రం పూట. దక్షిణం వైపు వాలులు మధ్యాహ్నం పొయ్యి మీద ఉన్నట్టే. ఇక్కడ ఇంత వేడికి కారణం ఉంది. నైరుతిన కొండల మధ్య ఉన్న సందులోంచి మధ్యధరా వైపు వెచ్చటి గాలి వస్తుంది. పడమటి వాన మబ్బులను ఫ్రాన్స్‌లోని వోజ్ కొండలు ముందే పిండేస్తాయి.

ఇక ఆ పసుపు రంగు సంగతి.

కైజర్‌స్టూల్ ఒక పాత అగ్నిపర్వతం. దాదాపు 19 నుంచి 16 మిలియన్ సంవత్సరాల కిందట మండి చల్లారింది. ఆఖ్కారెన్, ఇరింగెన్ ఊళ్ల దగ్గర తోటల్లో ఆ నల్లటి రాయి బయటికే కనిపిస్తుంది. మిగతా కొండలో ఎక్కువ భాగం మీద మాత్రం లోయెస్ అనే పసుపు మట్టి దుప్పటి ఉంది. చోట్ల చోట్ల 30 మీటర్లకు పైగా మందం. చేతిలోకి తీసుకుని నలిపితే గంధం పొడిలా వేళ్ల గీతల్లోకి దిగుతుంది. ఇది ఈ కొండ మట్టి కాదు. మంచు యుగంలో రైన్ మైదానమంతా చెట్టూ చేమా లేని గులక నేలగా ఉండేది. శీతకాలం నీళ్లు తగ్గినప్పుడు ఆ పాయల్లో ఎండిన సన్నటి ఒండ్రును గాలి లేపి తెచ్చి ఈ కొండల మీద పోసింది. పొద్దున చక్రం కింద కరకరలాడిన గులక, సాయంత్రం చైన్‌లో దూరే ఈ ధూళి, రెండూ ఆల్ప్స్ నుంచి నది తెచ్చినవే. బరువైనది కింద ఉండిపోయింది, తేలికది గాలికి పైకెక్కింది. ఇది తెలిశాక నా చుట్టులో మైదానం ముక్క, కొండ ముక్క అని వేరు చేసి చూడటం మానేశాను.

ఈ మట్టికి ఒక విచిత్ర గుణం ఉంది. పొడిగా ఉన్నంతసేపు గోడలా నిటారుగా నిలబడుతుంది. ఆ గోడల్లో గూళ్లు తవ్వుకుని తేనెటీగలను తినే రంగురంగుల పిట్టలు పిల్లల్ని పెడతాయి. మేలో వచ్చి వేసవి చివర ఆఫ్రికా వైపు వెళ్లిపోతాయి. అదే మట్టి మీద బళ్లు నడిస్తే పైపొర నలిగి పొడవుతుంది, వాన వచ్చి ఆ పొడిని తీసుకుపోతుంది. మళ్లీ బండి, మళ్లీ వాన. వందల ఏళ్లకు దారి కిందికి దిగిపోయి రెండు పక్కలా నిలువు గోడలతో లోతైన సందులా తయారవుతుంది. బిక్కెన్‌జోల్ ఊరి పైన ఇలాంటివి చాలా ఉన్నాయి. గోడ మీంచి చెట్ల వేళ్లు వేలాడుతుంటాయి, ఎండ పూట లోపల చల్లగా ఉంటుంది. ఇవి నడకదారులుగా పేరుపడ్డవి కాబట్టి జనం ఉన్న రోజుల్లో నేను దిగి సైకిల్ నడిపించుకునే పోతాను. అసలు అక్కడ తొక్కి దాటెయ్యాలని కూడా అనిపించదు.

వానకు ఈ దారులు ఏమవుతాయో చూడాలని, రాత్రంతా కురిసి వెలిసిన మర్నాడు కావాలనే వెళ్లాను. ఇక్కడ చదువుకుంటున్న వరంగల్ కుర్రాడు ఒకతను తోడొచ్చాడు. గట్ల మీద ఏ ఇబ్బందీ లేదు. రైన్ అడవిలో గుంటల్లో నీళ్లున్నా అడుగున గులక గట్టిగానే ఉంది. ఓబర్‌బెర్గెన్ పైన లోయెస్ దారి ఎక్కాం. కొంచెం దూరం పోగానే వెనక నుంచి “అన్నా, ఆగన్నా! చక్రం తిరుగుతలేదు” అని కేక. టైరుకీ ఫ్రేముకీ మధ్య మట్టి ముద్ద కట్టి బిగుసుకుపోయింది. పుల్లతో గీకినా రాదు, నాలుగడుగులు నెడితే మళ్లీ అంతే. అది ఎండితే ఇంకా కష్టం, నీళ్లలో నానబెట్టి తియ్యాల్సిందే.

అక్కడ తోటలో తీగలు కడుతున్న పెద్దాయన మమ్మల్ని చూసి వచ్చారు. మందలిస్తారేమో అనుకున్నాను. ఆయన నెమ్మదిగానే చెప్పారు. “ఎండాకాలంలో ఎన్నిసార్లైనా రండి, మాకేం అభ్యంతరం లేదు. తడి మీద మాత్రం వద్దు. మీ చక్రం చేసిన గాడిలోనే వచ్చే వాన పారుతుంది. ఆ గాడి ఏడాదికి జాన లోతవుతుంది.” ఆ సందు దారులు ఎలా పుట్టాయో నాకు అంతకు ముందే తెలుసు. నా టైరు కూడా అదే పని చేస్తుందని ఆయన చూపించాకే బుర్రకెక్కింది. ఆ రోజే దారిని రెండుగా విడగొట్టాలని నిర్ణయించుకున్నాను, ఎండకు ఒకటి, వానకు ఒకటి.

ఆయనే కొండ మెట్ల గురించి కూడా చెప్పారు. పాత రోజుల్లో వాలంతా చిన్న చిన్న మెట్లు, ఒక్కో మెట్టు మీద కొద్ది వరసల ద్రాక్ష. 1960, 70లలో యంత్రాలు పట్టేలా కొండను బుల్‌డోజర్లతో కోసి పెద్ద పెద్ద మెట్లు చేశారు. వాన నీళ్లు ఇంకాలని కొన్ని మెట్లను కొండ వైపుకు వాలుగా తీర్చారు. 1983 వసంతంలో కుండపోత వానలకు నీళ్లు నిలిచి నాని, అలాంటివి కొన్ని విరిగి జారిపోయాయి. చల్లగాలి కూడా ఆ వాలులోనే నిలిచి మంచుకు చిగుళ్లు మాడేవట. దూరం నుంచి చూసేవాళ్లకు ఆ పెద్ద మెట్లు అందంగానే ఉంటాయి. నాకైతే షెలింగెన్ వైపు మిగిలిన చిన్న మెట్లే నచ్చుతాయి. దారి కూడా అక్కడ నేల తీరునుబట్టి తిరుగుతూ పోతుంది, పెద్ద మెట్ల మీద అయితే తిన్నటి కాంక్రీటు.

షెలింగెన్ నుంచి బాడ్‌బెర్గ్ పక్కగా ఎక్కడం ఈ మొత్తం దారిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క. తోటలు అయిపోయి పొడి గడ్డి వాలు మొదలవుతుంది. వసంతంలో అందులో ఆర్కిడ్ పూలు. ఇక్కడి రాయి కార్బొనటైట్, అగ్నిపర్వతం నుంచి వచ్చిన సున్నపు జాతి రాయి, లోకంలో తక్కువ చోట్ల దొరుకుతుంది. లోయలో ఒక గోరువెచ్చటి ఊట కూడా ఉంది. ఈ గడ్డి వాలు రక్షిత ప్రాంతం, కాబట్టి గట్టి దారి వదిలి పక్కకు పోకూడదు. ఫోగెల్‌జాంగ్ కనుమ దాటాక అడవి మొదలవుతుంది. అడవిశాఖ కంకర దారి మీద టోటెన్‌కోప్ఫ్ శిఖరం దాకా ఎక్కొచ్చు. ఎత్తు 557 మీటర్లు. వినడానికి చిన్నదే. రైన్ ఒడ్డు దాదాపు 190 మీటర్ల దగ్గర ఉంటుంది, 60 కిలోమీటర్లు తొక్కిన కాళ్లతో మిగతా ఎత్తంతా ఎక్కాలి. పక్కనే ఒక గోపురం ఉంది. అది ఎక్కితే పడమట వోజ్ కొండలు, తూర్పున బ్లాక్ ఫారెస్ట్, మధ్యలో పొద్దుటి నుంచి వచ్చిన దారంతా కనిపిస్తుంది. కాలువ ఎక్కడ నదిలో కలిసిందో వేలితో చూపించొచ్చు.

దిగేటప్పుడు ఇరింగెన్ వైపు తోటల దారి. వాలు ఎక్కువ, మలుపుల్లో ట్రాక్టర్ తీసుకొచ్చిన మట్టి ఉంటుంది, బ్రేకులు ముందే వెయ్యాలి. సెప్టెంబరులో కోతలప్పుడు ఈ ముక్కను నేను పూర్తిగా వదిలేస్తాను. నిట్ర వాలుల్లో గుత్తులు ఇప్పటికీ చేత్తోనే కోస్తారు. దారి నిండా బుట్టలు, బళ్లు, మనుషులు. ఏడాది కష్టం ఇంటికి చేర్చుకునే రోజుల్లో వాళ్ల దారిలో మనం గంట కొట్టడం మర్యాద కాదు. వేసవి మొదట్లో తెగుళ్ల మందు కొట్టే పొద్దుల్లో కూడా ఆగి, ట్రాక్టర్ ఆ వరస దాటాకే పోవాలి.

తిండి సంగతి. పొద్దుటికి డబ్బాలో పులిహోర పెట్టుకుంటాను. ఉప్పు, పులుపు, అన్నం, వేరుశనగ గుళ్లు. ఇన్ని గంటల సైకిల్‌కి అంతకు మించింది నాకు దొరకలేదు. నీళ్లు కావాలంటే ఊళ్లలో శ్మశానం కుళాయి దగ్గరికి వెళ్లాలి. మనకు వినడానికి ఎలాగో ఉంటుంది గానీ, ఇక్కడ సమాధుల మీది పూలకు పొయ్యడానికి ప్రతి శ్మశానంలో కుళాయి ఉంటుంది, సైకిల్‌వాళ్లంతా అక్కడే నింపుకుంటారు. తాగే నీళ్లు కాదని బోర్డుంటే మాత్రం వదిలెయ్యాలి. సాయంత్రానికి రైతు ఇంటి పెరట్లో నడిచే ‘స్ట్రౌసీ’ తెరిచి ఉంటే అదృష్టం. రైతు తన సొంత ద్రాక్షసారా, ఇంటి వంట అమ్ముకునే చోటు అది. ఏడాదిలో నాలుగు నెలలకు మించి తెరవకూడదు. మాంసం తిననివాళ్లకు కూడా దొరుకుతుంది. ఉల్లిపాయ, మూలికలు కలిపిన తాజా జున్నూ, వేయించిన బంగాళాదుంపలూ. సారా తాగేవాళ్లు సైకిల్ అక్కడే కట్టేసి రైలెక్కితే మేలు.

రైలు ఈ దారికి పెద్ద ధీమా. కైజర్‌స్టూల్ చుట్టూ రైలు మార్గం ఉంది, రీగెల్, ఎండింగెన్, బ్రైజాఖ్, ఇరింగెన్, గోటెన్‌హైమ్. ఎక్కడ అలిసిపోయినా, ఏది విరిగినా ఏదో ఒక స్టేషన్ దగ్గరలోనే ఉంటుంది. ఈ రాష్ట్రంలో ప్రాంతీయ రైళ్లలో సైకిల్‌కు టికెట్ అక్కర్లేదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున 6 నుంచి 9 మధ్య మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఆదివారం సాయంత్రాలు బ్రైజాఖ్ రైలు సైకిళ్లతో నిండిపోతుంది, తర్వాతి రైలుకు ఆగే ఓపిక ఉండాలి.

ఇప్పుడు నా దగ్గర రెండు ఫైళ్లున్నాయి. ఎండు దారి బిక్కెన్‌జోల్, షెలింగెన్, బాడ్‌బెర్గ్ మీదుగా పోతుంది. వరసగా నాలుగైదు రోజులు వాన లేకపోతేనే దాన్ని ఎవరికైనా పంపిస్తాను. తడి దారి కొండ మీద కంకర, కాంక్రీటు ముక్కలనే పట్టుకుని, లోయెస్‌ను తాకకుండా దాటుతుంది. అందం కొంత తక్కువే, కొండకు నష్టం లేదు. ష్టుట్‌గార్ట్ నుంచి, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మనవాళ్లు వస్తామన్నప్పుడు ముందు రోజు వాన చూసి ఏదో ఒకటి పంపుతాను. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కూడా నేను తొక్కిన ముక్కల వివరాలు సరిచేస్తూ వస్తున్నాను. కంకర అని ఉన్న కొన్ని దారులను మట్టి అని మార్చాను, తడికి పనికిరాదని వివరణ రాశాను. ఇంకా మిగిలింది లియోపోల్డ్ కాలువ అవతలి గట్టు. ఉపగ్రహ ఫొటోలో తెల్లగానే కనిపిస్తోంది, చలికాలం గడ్డి అణిగాక వెళ్లి చూడాలి.